విలియం హంటింగ్టన్ పుస్తకాలు చదవాలంటే: వెతకడం, సరైన ప్రతి ఎంచుకోవడం, సరిచూసుకోవడం ఎలా

విలియం హంటింగ్టన్ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఏది ముందు చదవాలి? దొరికిన పీడీఎఫ్ నమ్మదగ్గదేనా? ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వేదాంత కళాశాలల్లో చదివేవాళ్లు అడుగుతున్నారు, పాత ఇంగ్లిష్ ప్రసంగాలంటే ఇష్టపడే పాస్టర్లు అడుగుతున్నారు, ఇంగ్లండ్ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లూ అడుగుతున్నారు. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఏం చేయాలో ఒకచోట రాస్తున్నాను.

ఆయనెవరో తెలియనివాళ్లకు నాలుగు మాటలు. 1745లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, క్రాన్‌బ్రూక్ దగ్గర ఒక కూలి ఇంట్లో పుట్టారు. పెద్ద చదువు లేదు. తోటపని చేశారు, చెప్పులు కుట్టారు, థేమ్స్ డిటన్‌లో పడవల నుంచి బొగ్గు మోశారు. తర్వాత బోధకుడై లండన్ చేరారు. 1783లో టిచ్‌ఫీల్డ్ స్ట్రీట్‌లో ఆయన ప్రార్థనా మందిరం ప్రావిడెన్స్ చాపెల్ మొదలైంది. 1810లో అది కాలిపోతే, మరుసటి ఏడాదే గ్రేస్ ఇన్ లేన్‌లో కొత్తది లేచింది. 1813 జులై 1న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో కన్నుమూశారు, లూయిస్ పట్టణంలో జైరే చాపెల్ దగ్గర సమాధి చేశారు. ఆయనను వింత మనిషి అన్నవాళ్లు ఎందరో, దేవుడు పంపిన మనిషి అన్నవాళ్లూ అందరే. ఆయన మాత్రం రాస్తూనే పోయారు. బతికుండగానే ఆయన రచనలు ఇరవై సంపుటాలయ్యాయి.

ఇన్ని సంపుటాలు చూడగానే టెన్షన్ పడతారని తెలుసు. అన్నీ చదవక్కర్లేదు. మూడు నాలుగు పుస్తకాలు సరిగ్గా చదివితే మనిషి తెలుస్తాడు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్ద తెర ఉన్న ట్యాబ్ గానీ కంప్యూటర్ గానీ ఉండాలి. ఫోన్‌లో పాత అచ్చు చదివితే కళ్లు నొప్పి పుడతాయి, పేజీ అడుగున ఉండే చిన్న గుర్తులు అసలు కనిపించవు. ఒక నోటు పుస్తకం. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్, పక్కన మన తెలుగు పరిశుద్ధ గ్రంథం. హంటింగ్టన్ ప్రతి రెండు మూడు వాక్యాలకూ ఒక వచనం తెస్తారు, చాలాసార్లు అధ్యాయం సంఖ్య కూడా ఇవ్వరు. తెలుగు బైబిల్ బాగా చదివినవాళ్లకు ఇక్కడ పెద్ద లాభం ఉంది. ఇంగ్లిష్ మాట కొరుకుడు పడకపోయినా వచనం గుర్తొచ్చి అర్థం అందుతుంది.

1. పేరు సరిగ్గా పెట్టి వెతకండి

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఆయన పేరు హంటింగ్టన్. ఇంగ్లిష్‌లో టైప్ చేసేటప్పుడు ‘జి’ తర్వాత ‘టి’ రావాలి. అక్కడ ‘డి’ పడిందా, హంటింగ్డన్ అవుతుంది, ఫలితాలన్నీ సెలీనా అనే కౌంటెస్ గురించి వస్తాయి. ఆమెదీ అదే శతాబ్దం, ఆమె పేరుతో చాపెళ్లూ ఉన్నాయి, ఆమెకు బోధకులూ ఉన్నారు. కాబట్టి తప్పు చోటికి వచ్చామని వెంటనే తెలియదు. కొన్ని పాత కేటలాగుల్లో హంటింగ్టన్‌నే ‘డి’తో రాశారు కూడా. అందుకని ముందు ‘టి’తో వెతకండి, ఆ తర్వాత ‘డి’తో కూడా ఒకసారి వెతికి, ముఖపత్రం (పుస్తకం పేరు, ఏడాది అచ్చు వేసిన మొదటి లోపలి పేజీ) చూసి తేల్చుకోండి.

ఇంకో చిక్కుంది. అమెరికాలో హంటింగ్టన్ ఇంటిపేరున్న మతగురువులు పందొమ్మిదో శతాబ్దంలో ఉన్నారు. వాళ్ల పుస్తకాలు చాలావరకు కలవకుండా ఉండాలంటే ప్రచురణ ఏడాదిని 1780 నుంచి 1860 మధ్య పెట్టుకోండి. పేరు పక్కన ‘ఎస్. ఎస్.’ అని ఉంటే మన మనిషే. అది యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీ కాదు. డి.డి. (వేదాంతంలో డాక్టరేట్) తెచ్చుకోవడానికి డబ్బు లేదు, ఎం.ఎ. తెచ్చుకోవడానికి చదువు లేదు, కాబట్టి రక్షింపబడిన పాపి అన్నదే నా బిరుదు అని ఆయనే చెప్పుకున్నారు. ‘సిన్నర్ సేవ్డ్’ అనే రెండు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలవి.

పుట్టినప్పటి ఇంటిపేరు హంట్. పెళ్లి కాకుండా ఒక బిడ్డకు తండ్రై, పోషణ ఖర్చు కోసం వెంటపడతారన్న భయంతో ఊరు విడిచి పేరు పొడిగించుకున్నారు. ఈ సంగతిని ఆయనే అచ్చులో ఒప్పుకున్నారు. పుస్తకాలన్నీ హంటింగ్టన్ పేరుతోనే వచ్చాయి, హంట్ అని వెతకనక్కర్లేదు.

2. ఎక్కడ వెతకాలి

ఇంటర్నెట్ ఆర్కైవ్, గూగుల్ బుక్స్, హాతీ ట్రస్ట్. ఈ మూడూ చాలు. కాపీరైటు ఎప్పుడో తీరిపోయిన పుస్తకాలు కాబట్టి డబ్బు కట్టనక్కర్లేదు. హాతీ ట్రస్ట్‌లో పేజీ పేజీగా ఉచితంగా చదవచ్చు, కానీ మొత్తం పుస్తకం దించుకోవాలంటే చాలాసార్లు సభ్య విశ్వవిద్యాలయం లాగిన్ అడుగుతుంది. అప్పుడు అదే సంపుటం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉందేమో చూడండి. మీ యూనివర్సిటీ లైబ్రరీకి పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ పుస్తకాల డిజిటల్ సేకరణ ‘ఎకో’కు చందా ఉంటే, మొదటి ముద్రణల కరపత్రాలు అక్కడ దొరుకుతాయి. లైబ్రేరియన్‌ను అడగండి, మీకు తెలియకుండానే చందా ఉండొచ్చు.

ఒక హెచ్చరిక. ఆన్‌లైన్ దుకాణాల్లో ఆయన పేరుతో కొత్త అట్టల పేపర్‌బ్యాకులు అమ్ముతుంటారు. వాటిలో చాలావరకు ఈ ఉచిత స్కాన్లనే అచ్చు వేసినవి. కొన్నిటిలో పేజీ బొమ్మల్లోని అక్షరాలను కంప్యూటర్‌తో గుర్తుపట్టించి, దిద్దకుండానే అచ్చు వేశారు. వాటిలో సగం మాటలు చదవలేం. కొనే ముందు లోపలి పేజీ నమూనా చూడండి. నమూనా ఇవ్వకపోతే కొనకండి.

3. ఏ ముద్రణ పట్టుకోవాలో తేల్చుకోండి

మూడు రకాల ప్రతులు ఎదురవుతాయి.

మొదటివి 1780ల నుంచి విడివిడిగా వచ్చిన పుస్తకాలు, కరపత్రాలు. ముఖపత్రం మీద ప్రావిడెన్స్ చాపెల్‌లో దొరుకుతుందని రాసి ఉంటుంది. ప్రసంగం విన్నవాళ్లే ఆయనకు మొదటి పాఠకులు, మొదటి కొనుగోలుదారులు కూడా.

రెండోది 1811 నాటి ఇరవై సంపుటాల సంకలనం. అచ్చు వేసింది థామస్ బెన్స్‌లీ. అప్పటి లండన్‌లో చక్కని అచ్చుకు పేరుమోసిన ముద్రాపకుడు, హంటింగ్టన్‌కు కావాల్సిన మనిషి. పేజీ చూస్తేనే తెలుస్తుంది: పెద్ద అక్షరాలు, ధారాళమైన అంచులు. మూడోది 1856లో ఆరు సంపుటాలుగా వచ్చింది. అక్షరాలు చిన్నవి, కానీ మొత్తం ఒకచోట ఉంటుంది.

చదవడానికైతే 1811 ప్రతి తీసుకోండి, కళ్లకు హాయి. ఒక మాట ఎక్కడుందో వెతకడానికి 1856 ప్రతి. పరిశోధన చేస్తూ, ఆయన ఈ మాట ఫలానా ఏడాది అన్నారని రాయాలంటే మాత్రం మొదటి ముద్రణ చూడక తప్పదు. 1811 సంపుటాన్ని చూపించి ‘1811లో రాశారు’ అనేయడం చాలామంది చేసే తప్పు. ఆ మాట అసలు పాతికేళ్ల కిందటిది కావచ్చు.

ఆయన మరణం తర్వాత 1815 నుంచి ఉత్తరాల సంపుటాలు వచ్చాయి. అవి 1811 సంకలనంలో ఉండవు, విడిగా వెతకాలి.

4. ముఖపత్రం మీద ఏడాది చదవండి

పాత పుస్తకాల్లో ఏడాది రోమన్ అంకెల్లో ఉంటుంది. ఎం అంటే 1000, డి 500, సి 100, ఎల్ 50, ఎక్స్ 10, వి 5, ఐ 1. వరసగా ఎం, డి, సి, సి, ఎల్, ఎక్స్, ఎక్స్, ఎక్స్, ఐ, వి ఉంటే 1784. చివర్లో ‘ఐ’ ముందు, ‘వి’ తర్వాత ఉంది కాబట్టి అది 4. వెబ్‌సైట్ పక్కన రాసిన ఏడాదిని నమ్మకండి. స్కాన్ చేసినవాళ్లు ఎక్స్ ఒకటి వదిలేస్తే పదేళ్లు తేడా వస్తుంది. ముఖపత్రం చూసి మీరే లెక్కపెట్టండి.

‘రెండో ముద్రణ’, ‘ఆరో ముద్రణ’ లాంటి మాట ముఖపత్రం మీద ఉంటే అది కూడా రాసుకోండి.

5. పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడండి

స్కాన్లలో పేజీలు ఎగిరిపోవడం మామూలే. పేజీ సంఖ్యలు చూడటం ఒక్కటే చాలదు, ఆ కాలం అచ్చులో సంఖ్యలే తప్పు పడేవి. అంతకంటే నమ్మకమైన పద్ధతులు రెండున్నాయి.

పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకంలో పేజీ అడుగున కుడిపక్కగా ఒక మాట ఒంటరిగా ఉంటుంది. తర్వాతి పేజీ మొదట్లో వచ్చే మాట అదే. పేజీ తిప్పండి. రెండూ కలిస్తే సరే. కలవకపోతే మధ్యలో ఆకు పోయినట్టే.

రెండోది పేజీల అడుగున ఉండే ఇంగ్లిష్ అక్షరాలు: బి, తర్వాత బి2, కొన్ని పేజీల తర్వాత సి, అలా. అచ్చు వేసిన తావులను వరసగా మడిచి కుట్టడానికి వేసుకున్న గుర్తులవి. ఆక్టావో సైజు (ఒక తావును ఎనిమిది ఆకులుగా మడిచిన) పుస్తకంలో ఒక అక్షరం నుంచి తర్వాతి అక్షరానికి మామూలుగా 16 పేజీలు. సగం తావు మడతైతే 8. ఈ వరసలో జె, డబ్ల్యూ అక్షరాలు వాడరు, యు, వి లలో ఒకటే వాడతారు. కాబట్టి ‘ఐ’ తర్వాత ‘కె’ కనిపిస్తే కంగారు పడకండి, ఏమీ పోలేదు.

ఇంకో సంగతి. చిన్న కరపత్రాలను పాతకాలం పాఠకులు ఏడెనిమిది కలిపి ఒకే అట్టలో కుట్టించుకునేవాళ్లు. అలాంటి సంపుటం స్కాన్‌లో 34వ పేజీ ఏడెనిమిది సార్లు వస్తుంది. నోట్స్‌లో పేజీ సంఖ్యతో పాటు కరపత్రం పేరు రాయకపోతే, తర్వాత మీకే దొరకదు.

6. పొడుగు ‘ఎస్’తో అలవాటు పడండి

మొదటి ముద్రణలు తెరవగానే అంతా ‘ఎఫ్’ అక్షరాల మయంగా కనిపిస్తుంది. అవి ఎఫ్‌లు కావు. అప్పట్లో మాట మొదట్లో, మధ్యలో వచ్చే చిన్న ‘ఎస్’ను పొడుగ్గా వేసేవారు, మాట చివర మాత్రం ఇప్పటి ఎస్ వేసేవారు. తేడా అడ్డగీతలో ఉంది. ఎఫ్‌కు గీత నిలువు గీతను దాటి రెండు వైపులా వస్తుంది. పొడుగు ఎస్‌కు ఎడమవైపు చిన్న మొలక మాత్రమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పేజీని బాగా పెద్దది చేసి పది మాటలు చూడండి, కన్ను అలవాటు పడుతుంది. 1800 ప్రాంతంలో ఈ అక్షరం అచ్చులోంచి పోయింది.

కంప్యూటర్‌కు మాత్రం ఈ తేడా తెలియదు. గుర్తుపట్టిన పాఠంలో ‘సోల్’ కాస్తా ‘ఫౌల్’ అవుతుంది, అంటే ఆత్మ అన్న మాట అపవిత్రం అన్న మాటగా మారిపోతుంది. ‘సైట్’ ‘ఫైట్’ అవుతుంది, ‘సేమ్’ ‘ఫేమ్’ అవుతుంది, అమ్మబడిన అనే ‘సోల్డ్’ గొర్రెల దొడ్డి అనే ‘ఫోల్డ్’ అవుతుంది. చివరిది బైబిల్ సందర్భంలో చక్కగా అతికినట్టు కూడా కనిపిస్తుంది, అందుకే మరీ ప్రమాదం. కాబట్టి కాపీ చేసి అతికించిన ఏ వాక్యాన్నైనా పేజీ బొమ్మతో పోల్చకుండా వాడకండి. వెతికేటప్పుడు కూడా, ఎస్ పెడితే దొరకని మాటను ఎఫ్ పెట్టి వెతకండి.

కళ్లు అలిసిపోతే 1811 లేదా 1856 ప్రతికి మారిపోండి. అందులో తప్పేం లేదు.

7. ఈ వరసలో చదవండి

సంపుటం 1 నుంచి 20 దాకా వరసగా మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా మధ్యలో వదిలేస్తారు. నేను చెప్పే వరస వేరు.

మొదట ‘గాడ్ ద గార్డియన్ ఆఫ్ ద పూర్ అండ్ ద బ్యాంక్ ఆఫ్ ఫెయిత్’. అందరూ ‘బ్యాంక్ ఆఫ్ ఫెయిత్’ అంటారు. దరిద్రంలో ఉన్నప్పుడు తిండి, బట్ట, గుర్రం, ఇంటి సామాను ఎలా సమకూరాయో ఒక్కో సంఘటనగా చెప్పుకుంటూ పోతారు. ప్రతి సంఘటనా ఒక చిన్న కథ, విడిగా చదువుకోవచ్చు.

రెండోది ‘ద కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్ టేకెన్ బై ప్రేయర్’, 1784 నాటిది. మారుమనస్సు దాకా నడిచిన లోపలి కథ ఇది. శీర్షిక వెనక మత్తయి సువార్త 11వ అధ్యాయం 12వ వచనం ఉంది. అది ముందు తెలుగులో చదువుకుని పుస్తకం తెరవండి.

మూడోది ఉత్తరాలు. ఇది నా గట్టి అభిప్రాయం: హంటింగ్టన్ గొప్ప రచయిత అనిపించేది ఉత్తరాల్లోనే. వేదిక మీద గర్జించే మనిషి, ఒంటరిగా కుమిలిపోతున్న ఒక విశ్వాసికి రాసేటప్పుడు గొంతు తగ్గిస్తారు, ఓపిగ్గా వింటారు. ‘నాక్చువా ఆరిటా’, ‘ఫిలొమెలా’ అనే మారుపేర్లతో అచ్చయిన ఉత్తరాల పుస్తకం వెతకండి. మొదటి పేరు, అంటే చెవుల గుడ్లగూబ, హంటింగ్టన్‌ది. పాటల పిట్ట పేరు పెట్టుకున్న రెండో మనిషి ఎలిజబెత్ మోర్టన్. ఇద్దరి ఉత్తరాలూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఒక వైపే విన్నామన్న వెలితి ఉండదు.

తగాదా పుస్తకాలు చివరికి పెట్టుకోండి. ‘ద అర్మీనియన్ స్కెలిటన్’ లాంటివి భాషలోనే కొరడా దెబ్బల్లా ఉంటాయి. వీటితో మొదలుపెట్టినవాళ్లు ఆయనను తిట్లబోతు అనుకుని వదిలేస్తారు. 1795లో రిచర్డ్ బ్రదర్స్ అనే మాజీ నౌకాదళ అధికారి తానే ప్రవక్తనని, లండన్ నాశనమవుతుందని చెప్పి ఊరంతా కలకలం రేపాడు. అతని మీద హంటింగ్టన్ రాసిన ‘ద లైయింగ్ ప్రాఫెట్ ఎగ్జామిన్డ్’ మాత్రం చదవండి. ఆ కాలం లండన్ జనం భయాలు, ఆశలు అందులో తెలుస్తాయి.

8. మాటల అర్థాలు మారాయి, చూసుకోండి

‘ప్రొఫెసర్’ అంటే కాలేజీలో పాఠం చెప్పేవారు కాదు, విశ్వాసిని అని పైకి చెప్పుకునే మనిషి. ‘ఎక్స్‌పీరియన్స్’ అంటే ఉద్యోగానుభవం కాదు, దేవుడు మనసులో చేసిన పని. ‘అర్మీనియన్’ అంటే ఆర్మీనియా దేశస్థుడు కాదు, అర్మీనియస్ అనే డచ్ వేదాంతి బోధను పాటించేవాడు. హంటింగ్టన్ రాస్తున్న కాలంలో ఆ మాట ఎక్కువగా మెథడిస్టు నాయకుడు జాన్ వెస్లీ పక్షం వాళ్ల మీదికే పోతుంది. హాగరు, దాసి కుమారుడు అని వస్తే గలతీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం తీయండి, అక్కడ హాగరు అంటే ధర్మశాస్త్రం (మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలు) కింద ఉన్న స్థితి. ఈ అధ్యాయం ఒక్కటి బాగా తెలిస్తే ఆయన తగాదాల్లో సగం అర్థమవుతాయి.

డబ్బు లెక్క కూడా కావాలి. 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులు ఒక గిన్నీ.

ఫోన్‌లో అనువాదం యాప్ వాడతారా? ఒక మాట తెలుసుకోవడానికైతే సరే. పేరా మొత్తం పెడితే ప్రొఫెసర్‌ను ఆచార్యుడు అనేస్తుంది, వచనాలను తన సొంత మాటల్లో తిప్పేస్తుంది. దానికంటే పేరా పైకి చదవడం మేలు. నోటితో పలకడానికి కుదిర్చిన వాక్యాలివి, చెవికి తొందరగా అందుతాయి.

9. ఒక కథతో మీ ప్రతిని పరీక్షించండి

‘బ్యాంక్ ఆఫ్ ఫెయిత్’లో అందరికంటే ఎక్కువ పేరు పడ్డ ఘట్టం తోలు లాగుల కథ. గుర్రం మీద ఊరూరా తిరిగే మనిషికి ఆ లాగు తప్పనిసరి, కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఈ కథను రెండు వందల ఏళ్లుగా చెప్పుకుంటూ, చెప్పినప్పుడల్లా కొంచెం మార్చేశారు. లాగు ఆకాశం నుంచి పడిందన్నట్టు చెప్పినవాళ్లూ ఉన్నారు. అసలు పేజీ తీసి ఈ వరస ఉందో లేదో చూడండి.

లాగు కోసం ప్రార్థిస్తారు, దొరకదు. కింగ్‌స్టన్‌లో ఆ పని చేసే స్నేహితుడి దగ్గర అప్పు మీద కుట్టించుకుందామని బయల్దేరతారు. దుకాణం ముందు నుంచే పోతూ, అడగడం మర్చిపోతారు. లండన్ చేరి షెపర్డ్స్ మార్కెట్‌లో చెప్పులు కుట్టే ఒకాయన దగ్గర ఆగితే, మీ పేరుతో ఒక పొట్లం ఉందంటాడు. విప్పితే తోలు లాగు, దాంతో ఒక చీటీ: సరిపోతుందనుకుంటున్నాను, మార్పులేవైనా కావాలంటే రాసి పెట్టండి, వచ్చి సరిచేస్తాను అని. వేసుకుని చూస్తే కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. లండన్‌లో ఏ తోలుపని మనిషీ ఎన్నడూ తన కొలత తీసుకోలేదని ఆయన ఆశ్చర్యం. బదులు ఉత్తరంలో, ఇవ్వమని నీ మనసును కదిలించిన దేవుడే కత్తిరించే నీ చేతినీ నడిపించాడు, నా కొలత ఆయనకు తెలుసు అని రాస్తారు.

ఇప్పుడు చూడండి. దాత ఒక మనిషి. చీటీ ఉంది, పొట్లం ఉంది, మధ్యలో ఒక దుకాణం ఉంది. హంటింగ్టన్ ఎక్కడా ఇవి దాచలేదు. మామూలు మనుషుల చేతుల మీదుగానే దేవుడు పంపాడన్నది ఆయన నమ్మకం. వెక్కిరించినవాళ్లూ, మహిమలు కలిపినవాళ్లూ ఇద్దరూ ఈ వివరాలే వదిలేశారు. మీ ప్రతిలో ఈ మెట్లన్నీ ఉంటే పూర్తి పాఠం దొరికినట్టే. ఏదో ఒకటి లేకపోతే మీ దగ్గరున్నది కుదించిన ప్రతి, వేరేది వెతకండి.

ఇదే పద్ధతి ప్రతి కథకూ వాడండి. ఒకరు చెప్పిన హంటింగ్టన్ కథ దొరికితే, ముందు ఆయన పేజీ తీయండి.

10. అవతలి పక్షాన్నీ చదవండి

విశ్వాసి నడతకు ధర్మశాస్త్రం నియమం కాదు, సువార్తే నియమం అన్నది హంటింగ్టన్ వాదం. ఇది పాపానికి తలుపు తెరవడమే అని అప్పటి బోధకులు చాలామంది మండిపడ్డారు. మరియా డి ఫ్లూరీ 1791లో ఈ వాదాన్ని ఖండిస్తూ ‘యాంటినోమియనిజమ్ అన్‌మాస్క్‌డ్ అండ్ రిఫ్యూటెడ్’ రాసింది. యాంటినోమియనిజమ్ అంటే విశ్వాసికి ధర్మశాస్త్రం వర్తించదనే వాదం. పెద్ద చాపెల్ ఉన్న బోధకుడిని ఒక స్త్రీ తన పేరుతో అచ్చులో నిలదీసింది. తప్పకుండా చదవాల్సిన పుస్తకం. లండన్‌లోని మరో బోధకుడు రోలండ్ హిల్ అయితే హంటింగ్టన్ పుస్తకాన్ని పటకారుతో పట్టుకుని పొయ్యి రాజేయడానికి పంపాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథగానే తీసుకోండి. ఈ రోలండ్ హిల్ 1795లో మొదలైన లండన్ మిషనరీ సొసైటీకి గట్టి మద్దతుదారు. ఆ సొసైటీ పంపిన క్రాన్, డెస్ గ్రాంజెస్‌లే 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు.

హంటింగ్టన్ మరణం తర్వాత 1821లో క్వార్టర్లీ రివ్యూ పత్రికలో కవి రాబర్ట్ సౌతీ ఒక పెద్ద వ్యాసం రాశారు. తర్వాతి వాళ్లలో చాలామందికి హంటింగ్టన్ తెలిసింది ఈ వ్యాసం గుండానే. కథలన్నీ ఏరి చక్కగా చెబుతుంది, కానీ హంటింగ్టన్‌ను నమ్మని మనిషి రాసిన వ్యాసం. దాన్ని మొదట చదివితే ఆ కళ్లతోనే పుస్తకాలన్నీ చూస్తారు. అందుకే చివర చదవండి.

ఒక ప్రశ్న మాత్రం పక్కన పెట్టలేం. దరిద్రం గురించి అంతగా రాసిన మనిషి చివరి దశలో పెంటన్‌విల్‌లో విల్లా, సొంత కోచ్ బండి ఉన్నవారు. 1808లో లండన్ మాజీ మేయర్ భార్య, విధవరాలైన లేడీ శాండర్సన్‌ను పెళ్లి చేసుకున్నారు. ‘బ్యాంక్ ఆఫ్ ఫెయిత్’ 1780ల మాట, ఈ సంపద తర్వాతి మాట. రెండింటినీ కలిపేసి అబద్ధాలకోరు అనడం తేలిక. ఏ పేజీ ఏ ఏడాదిదో మీ నోట్స్‌లో ఉంటే ఆ పొరపాటు జరగదు.

చివరిగా సరిచూసుకోవాల్సినవి

ఒక వాక్యం ఎక్కడైనా ఉటంకించే ముందు నోట్స్‌లో ఇవి ఉన్నాయో లేదో చూడండి: పుస్తకం పేరు, మొదట వచ్చిన ఏడాది, మీరు చూసిన ముద్రణ, సంపుటం, పేజీ. వాక్యాన్ని పేజీ బొమ్మతో అక్షరం అక్షరం పోల్చారా? అందులో దాగి ఉన్న బైబిల్ వచనాన్ని వేరు చేశారా? ఇది చేయకపోతే, అపొస్తలుడైన పౌలు మాటను హంటింగ్టన్ మాటగా రాసేస్తారు. చాలామంది వ్యాసాల్లో ఈ తప్పు కనిపిస్తుంది.

సమాధి మీది మాటలు కూడా పుస్తకాల్లోవని చాలామంది అనుకుంటారు. ‘ఇక్కడ నిద్రిస్తున్నది బొగ్గులు మోసినవాడు, తన దేవునికి ప్రియుడు, మనుషులకు అసహ్యుడు’ అనే అర్థంతో మొదలై, తమ మధ్య ఒక ప్రవక్త ఉండేవాడని ఇంగ్లండ్ తెలుసుకుంటుంది అని ముగిసే ఆ వాక్యాలు ఆయన చనిపోయే ముందు చెప్పి రాయించినవి. ఉటంకిస్తే లూయిస్‌లోని సమాధి ఫలకం అని రాయండి, సంపుటం సంఖ్య వేయకండి.

ఇంత చేశాక కూడా ఆయన గొంతు మీకు మరీ కటువుగా అనిపిస్తే, అదే శతాబ్దపు మరో విలక్షణ బోధకుడు జాన్ బెర్రిడ్జ్‌తో మొదలుపెట్టండి. ఎవర్టన్ గ్రామంలో వికార్‌గా (ఆ ఊరి చర్చి గురువుగా) ఉండి 1793లో పోయారు. రాసింది తక్కువ: 1773లో ‘ద క్రిస్టియన్ వరల్డ్ అన్‌మాస్క్‌డ్’, 1785లో ‘సయన్స్ సాంగ్స్’ (సీయోను పాటలు) అనే కీర్తనల పుస్తకం. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. ముఖపత్రం, పేజీ అడుగు మాట, పొడుగు ఎస్ పరీక్షలు వాటికీ ఇలాగే పనిచేస్తాయి.